పిల్లల పళ్ళ వైద్యం – భయం తగ్గిన చరిత్ర

పంటి నొప్పి మానవజాతి అంత ప్రాచీనమైనది. దానికి చేసే వైద్యమూ దాదాపు అంత పాతదే. అయితే ఆ నొప్పికంటె దాని వైద్యానికే మనుషులు ఎక్కువగా జంకుతూ వచ్చారు. పెద్దవాళ్ళు పంటి బిగువున ఓర్చుకుంటారు. పసివాళ్ళకు ఆ ఓర్పు ఉండదు. ఎత్తైన కుర్చీ, మీద పడే దీపపు వెలుగు, సూది, గిర్రున తిరిగే యంత్రం చూడగానే వాళ్ళు నోరు బిగిస్తారు.

ఈ భయం నవ్వి వదలివేయదగినది కాదు. భయపడిన పిల్లవాడు వైద్యుని దగ్గరకు రాడు. రాకపోవడంవల్ల పుచ్చు ముదురుతుంది. ముదిరిన పుచ్చుకు చేసే చికిత్స మరింత బాధ కలిగిస్తుంది. ఆ బాధ భయాన్ని రెట్టింపు చేస్తుంది. అట్టి భయం పెద్దతనందాకా వెంటవచ్చి, నలభై ఏళ్ళ మనిషిని కూడా ఆసుపత్రి గుమ్మంలోనుండి వెనక్కు తిప్పుతుంది. ఈ విషవలయాన్ని ఎక్కడ తెంచాలి? చాలాకాలం వైద్యులు పిల్లవాని మనస్సు దగ్గర తెంచాలని చూశారు. చికిత్స దగ్గరే తెంచవచ్చుననే సంగతి గత యాభై ఏళ్ళలోనే క్రమంగా తేటపడింది. ఆ మార్పు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే పన్ను ఎందుకు పుచ్చుతుందనే ప్రశ్నతో మొదలుపెట్టాలి.

పంటి పురుగు

పుచ్చిన పంటిలో పురుగు ఉంటుందని, అదే పంటిని తొలిచి తింటుందని పూర్వులు నమ్మారు. ప్రాచీన బాబిలోనియా మట్టిపలకలమీద ఈ పంటి పురుగు ప్రస్తావన కలదు. సుశ్రుత సంహితలో ఒక దంతరోగానికి ‘క్రిమిదంతం’ అనే పేరే ఉంది. పళ్ళకు పురుగు పట్టిందనే మాట మన ఇళ్ళలో నేటికీ వినబడుతుంది.

పంటిని తొలిచే విద్య మాత్రం ఈ రాతలన్నింటికంటె పాతది. ఇప్పటి పాకిస్థాన్‌లో, బెలూచిస్థాన్‌లోని మెహర్‌గఢ్ శ్మశానవాటికలో తొమ్మిదిమంది పెద్దల అస్థిపంజరాలలో 11 తొలిచిన దంతాలు దొరికాయి. అవి సుమారు 7,500 నుండి 9,000 సంవత్సరాల కిందటివని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. చెకుముకిరాయి మొనను విల్లుతో తిప్పే బరమాకు అమర్చి వారు ప్రయోగం చేసి చూడగా, అట్టి రంధ్రం వేయడానికి ఒక నిమిషమైనా పట్టలేదు.

1728లో పియెర్ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు దంతవైద్యంమీద రెండు సంపుటాల గ్రంథం వెలువరించి, పురుగు సిద్ధాంతాన్ని త్రోసిపుచ్చాడు. అసలు కారణం తేలడానికి మరొక 160 సంవత్సరాలు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు డబ్ల్యు. డి. మిల్లర్ నోటిలోని సూక్ష్మజీవులను గూర్చి 1890లో ఒక గ్రంథం ప్రకటించాడు. పళ్ళకు అంటుకొన్న చక్కెరను, పిండిపదార్థాలను సూక్ష్మజీవులు పులియజేస్తాయి. అప్పుడు పుట్టిన ఆమ్లాలు పంటిలోని సున్నపు లవణాలను కరిగిస్తాయి. ఇదే పుచ్చు.

పురుగు పోయింది గాని, పురుగును తవ్వి తీయాలనే ఆలోచన పోలేదు. పురుగు ఉన్న చోటికి సూక్ష్మజీవి వచ్చింది. పుచ్చిన భాగంలో ఒక్క సూక్ష్మజీవి అయినా మిగలకుండా తొలిచివేయడమే సరియైన వైద్యమని దాదాపు ఒక శతాబ్దం పాటు బోధించారు. పిల్లల భయానికి శాస్త్రం తరఫున పడిన పునాది ఇదే.

రంధ్రం ఎందుకు పెద్దదయింది?

అమెరికాలో జేమ్స్ మారిసన్ 1871లో కుట్టుమిషను మాదిరిగా కాలితో తొక్కి నడిపే తొలుపుడు యంత్రానికి పేటెంటు పొందాడు. 1875లో జార్జి గ్రీన్ విద్యుత్తుతో నడిచే యంత్రానికి పేటెంటు తీసుకొన్నాడు. ఇట్లా యంత్రాలు వచ్చిన తరువాత పంటిని ఏ ఆకారంలో తొలవాలో శాస్త్రబద్ధం చేసినవాడు చికాగోలోని జి. వి. బ్లాక్. అతని గ్రంథం 1908లో వెలువడింది. పుచ్చిన భాగాన్నేగాక, మునుముందు పుచ్చే అవకాశమున్న చుట్టుపక్కల భాగాన్నికూడా తొలిచివేయాలని బ్లాక్ నియమం పెట్టాడు.

ఇది క్రూరత్వంతో పెట్టిన నియమం కాదు. ఆనాడు పంటిని పూడ్చడానికి దొరికినవి బంగారం, పాదరస మిశ్రమం. ఇవి పంటికి అంటుకోవు. ఇరుకు మూతి, వెడల్పు అడుగు గల కుండలో పోసినట్లు వాటిని బిగించాలి. కావున పుచ్చు చిన్నదైనా రంధ్రం పెద్దదిగా చేయవలసి వచ్చేది. అనగా రంధ్రం కొలతను రోగమొక్కటే గాక పూడ్చే పదార్థం కూడా నిర్ణయించింది. పాలపన్నుకు ఇది మరీ కష్టం. దాని పైనుండే పింగాణి పొర పలుచన. లోపలి గుజ్జు, నాడులు పైకి దగ్గరగా ఉంటాయి. బరమా కొంచెం లోతుకు పోతే చాలు, పిల్లవాడు కుర్చీలో ఎగిరిపడతాడు.

నొప్పిని చంపిన మందులు

నొప్పి తెలియకుండా చేసే విద్యకు దంతవైద్యులే దారితీశారు. 1844 డిసెంబరు 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నవ్వించే వాయువు ప్రదర్శన చూశాడు. ఆ వాయువు పీల్చిన ఒకడు కాలికి దెబ్బ తగిలినా బాధ ఎరుగలేదు. వెల్స్ మరునాడే ఆ వాయువు తాను పీల్చి, తన పన్ను తీయించుకొన్నాడు. 1905లో జర్మనీనుండి నోవొకెయిన్, 1940 దశకంలో స్వీడన్‌నుండి లిగ్నొకెయిన్ వచ్చాయి. వీటితో పన్ను ఒక్కదాన్నే మొద్దుబారజేయడం సాధ్యమైంది.

పెద్దలకు ఇది వరమైంది. పిల్లల విషయంలో మాత్రం చిక్కు పూర్తిగా తీరలేదు. మొద్దుబారజేసే మందు సూదితోనే చిగురులోకి ఎక్కాలి. పిల్లవాడు మొదట భయపడేది ఆ సూదికే. 1957లో గాలి ఒత్తిడితో నిమిషానికి సుమారు మూడు లక్షల చుట్లు తిరిగే బోర్డెన్ యంత్రం అంగడిలోకి వచ్చింది. పని త్వరగా ముగిసింది, అదురు తగ్గింది. కాని చెవులు చిల్లులుపడే సన్నని కూత, నోట్లోకి చిమ్మే నీళ్ళు కొత్త భయాలను తెచ్చిపెట్టాయి.

న్యూజీలండ్ అనుభవం

సదుద్దేశంతో చేసిన పని కూడా భయాన్ని ఎట్లా నాటగలదో న్యూజీలండ్ చరిత్ర చెబుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి వచ్చిన యువకుల పళ్ళు ఎంత పాడైపోయి ఉన్నాయో ఆ దేశం గమనించింది. సైనిక దంతవైద్య శాఖను నడిపిన థామస్ హంటర్ సలహాపై ప్రభుత్వం 1921లో వెల్లింగ్టన్‌లో యువతులకు రెండేళ్ళ శిక్షణ ప్రారంభించి, వారిని బడిపిల్లల దంతనర్సులుగా నియమించింది. బడి ఆవరణలోనే చిన్న చికిత్సాశాలలు వెలిశాయి. పేద, ధనిక భేదం లేకుండా పిల్లలకు వైద్యం అందింది. మలయా మొదలైన దేశాలు ఈ పద్ధతిని అనుసరించాయి.

అయితే పిల్లలు ఆ చికిత్సాశాలకు పెట్టిన పేరు ‘హత్యాగృహం’. కాలితో తొక్కే యంత్రాలు చాలాకాలం వాడుకలో ఉన్నాయి. నెమ్మదిగా తిరిగే ఆ బరమా అదురు తల అంతటా తెలిసేది. ఆ నర్సులు దయలేనివారు కారు. వారికి నేర్పిన వైద్యం అది. ఆ పేరు మాత్రం తరతరాలుగా నిలిచిపోయింది. వైద్యం అందుబాటులో ఉన్నంత మాత్రాన భయం పోదని ఈ అనుభవం తెలిపింది.

పిల్లవాణ్ణి మార్చే ప్రయత్నాలు

ఈ చికిత్స తప్పనిసరి అనుకొన్నంతకాలం వైద్యుల ముందున్న మార్గం ఒక్కటే: పిల్లవాణ్ణి దానికి ఒప్పించడం. ఇందులో కఠినమైన పద్ధతులూ ఉన్నాయి. ఏడ్చే పిల్లవాని నోటిమీద వైద్యుడు చేయి మూసి, అరుపు ఆపితే చేయి తీస్తానని చెవిలో చెప్పడం అమెరికాలో దశాబ్దాల తరబడి బోధించిన పద్ధతి. పిల్లల దంతవైద్యుల అకాడమీ దీన్ని 2006లో గాని తన మార్గదర్శక సూత్రాలనుండి తొలగించలేదు.

మెత్తని మార్గాలుకూడా అదే కాలంలో రూపొందాయి. 1959లో ఆడిల్‌స్టన్ అనే వైద్యుడు ‘చెప్పు, చూపు, చెయ్యి’ అనే మూడు మెట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. మొదట పరికరాన్ని గూర్చి పిల్లవానికి తెలిసే మాటల్లో చెప్పాలి. తరువాత దాన్ని వాని వేలిగోటిమీద తిప్పి చూపాలి. ఆ పిమ్మటనే నోట్లో పెట్టాలి. 1962లో ఫ్రాంకెల్, ఆయన సహచరులు చికిత్స సమయంలో తల్లి దగ్గర ఉండవచ్చునా అనే ప్రశ్నను పరీక్షించారు. మూడున్నర, నాలుగేళ్ళ పసివాళ్ళు తల్లి పక్కన ఉన్నప్పుడు మెరుగుగా సహకరించారు. పిల్లల ప్రవర్తనను నాలుగు తరగతులుగా విభజించిన వారి కొలబద్ద నేటికీ వాడుకలో ఉంది. దంతవైద్యంవల్ల కలిగే ఆందోళనను ప్రశ్నలద్వారా కొలిచే పద్ధతిని నార్మన్ కోరా 1969లో ప్రకటించాడు.

ఇవన్నీ విలువైనవే. కాని ఇవన్నీ మార్చబూనింది పిల్లవాణ్ణి. బరమాను ఎవరూ ప్రశ్నించలేదు.

పుచ్చును కొత్తగా చూచుట

ఆ ప్రశ్నకు దారితీసిన పరిశోధనలు మూడు.

మొదటిది జపాన్‌లో జరిగింది. పుచ్చిన భాగమంతా ఒకే తీరుగా ఉండదని 1970 దశకంలో టోక్యోలో ఫుసయామా చూపాడు. పై పొర మెత్తబడి, సూక్ష్మజీవులతో నిండి, ఇక బాగుపడలేని స్థితిలో ఉంటుంది. దాని అడుగు పొరలో సున్నపు లవణాలు కొంత కరిగినా, పంటి పీచుకట్టు చెడదు. అనుకూల పరిస్థితులు కల్పిస్తే ఆ పొర తిరిగి గట్టిపడుతుంది. అంటే పూర్వం తొలిచి పారవేసిన దానిలో కొంత భాగం బ్రతికించదగినదే!

రెండవది లండన్‌లో జరిగింది. ప్రభుత్వ రసాయనశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ కనుగొన్న గ్లాస్ అయనోమర్ సిమెంటు వివరాలు 1972లో వెలువడ్డాయి. గాజుపొడిని ఒక ఆమ్లద్రవంతో కలిపితే ఈ సిమెంటు తయారవుతుంది. ఇది పంటిలోని కాల్షియంతో రసాయనికంగా కలిసి తానే అంటుకొంటుంది. మెల్లమెల్లగా ఫ్లోరైడును విడుదల చేస్తుంది. అంటుకొనే సిమెంటు వచ్చాక, ఇరుకు మూతి గల కుండ ఆకారంలో తొలవవలసిన పని తప్పింది.

మూడవది అమెరికాలో జరిగింది. జార్జియా వైద్య కళాశాలలో మెర్ట్జ్-ఫేర్‌హర్స్ట్, ఆమె సహచరులు శాశ్వత దంతాలలోని పుచ్చును పూర్తిగా తీయకుండానే పైన గాలి చొరకుండా మూసివేసి, పదేళ్ళపాటు గమనించారు. 1998లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం మూత సరిగా నిలిచిన చోట పుచ్చు ముందుకు సాగలేదు. కారణం సులభమే. సూక్ష్మజీవికి కావలసిన చక్కెర నోటినుండి రావాలి. దారి మూసివేస్తే దానికి తిండి ఉండదు. కోటలోని శత్రువును ఒక్కొక్కణ్ణి చంపనక్కరలేదు. కోటకు ధాన్యం అందకుండా చేస్తే చాలును.

కరెంటు లేని చోట పుట్టిన పద్ధతి

ఈ కొత్త దృష్టి ఆచరణలోకి వచ్చింది ధనిక దేశపు ఆసుపత్రిలో కాదు. 1980 దశకం మధ్యలో టాంజానియాలో యో ఫ్రెంకెన్ అనే డచ్చి దంతవైద్యుడు, ఆయన సహచరులు గ్రామాలలో పనిచేస్తున్నారు. అక్కడ విద్యుత్తు, కుళాయినీరు లేవు. యంత్రాలు పాడైతే బాగుచేసేవారు లేరు. అట్టి చోట పన్ను పీకడం తప్ప వేరే వైద్యం ఉండేది కాదు. వారు చిన్న చెంచావంటి చేతి పరికరంతో మెత్తబడిన భాగాన్ని మాత్రమే గీకి తీసి, అంటుకొనే సిమెంటుతో పూడ్చసాగారు. బరమా లేదు, చాలామందికి సూదీ అవసరం కాలేదు.

1991లో థాయిలాండులో, తరువాత జింబాబ్వేలో ఈ పద్ధతిని క్షేత్రస్థాయిలో పరీక్షించారు. నోటి ఆరోగ్యానికి అంకితమైన 1994 ఏప్రిల్ 7 నాటి ప్రపంచ ఆరోగ్య దినోత్సవాన ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనికి ప్రచారం కల్పించింది. పేదదేశాల అవసరంకొద్దీ పుట్టిన ఈ పద్ధతికి మరొక గుణమున్నదని తరువాత తెలిసింది. 2003లో ప్రకటితమైన ఒక పరిశీలనలో ఇండొనీషియా బడిపిల్లల గుండెవేగాన్ని, ప్రవర్తనను చికిత్స సమయంలో కొలిచారు. యంత్రంతో వైద్యం పొందినవారికంటె చేతి పరికరాలతో వైద్యం పొందినవారిలో ఇబ్బంది తక్కువగా కనిపించింది. బ్రెజిల్‌లో బొప్పాయి పాలనుండి తీసిన పపెయిన్ అనే పదార్థంతో పుచ్చును మెత్తబరచే లేపనం 2003లో తయారు చేశారు. దీని ఉద్దేశమూ అదే: బరమా లేకుండా గీకి తీయడం.

నల్లమచ్చ

గీకవలసిన అవసరం కూడా లేని మందు జపాన్‌నుండి వచ్చింది. ఒసాకా విశ్వవిద్యాలయంలో మిజుహో నిషినో పరిశోధనల ఫలితంగా 1970 నాటికి వెండి, అమ్మోనియా, ఫ్లోరైడు కలిసిన సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ ద్రవం జపాన్‌లో ఆమోదం పొందింది. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది. ఫ్లోరైడు పంటిని గట్టిపరుస్తుంది. కుంచెతో ఒక చుక్క అద్దితే సరిపోతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 3 నుండి 5 ఏళ్ళ వయస్సు గల 375 మంది పిల్లలను 30 నెలలపాటు గమనించిన పరిశీలన 2002లో వెలువడింది. పుచ్చును ముందుగా గీకినా, గీకకపోయినా ఈ మందు దాన్ని ఆపగలిగిందని అందులో తేలింది. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ ద్రవాన్ని, గ్లాస్ అయనోమర్ సిమెంటును తన అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది.

దీనికి ఒక లోపం కలదు. మందు తగిలిన పుచ్చు శాశ్వతంగా నల్లబడుతుంది. ముందుపళ్ళ విషయంలో తల్లిదండ్రులు ఆలోచించుకొని నిర్ణయించాలి. ఫ్లోరైడు పేరు వినగానే నల్లగొండ, ప్రకాశం జిల్లాల వారికి మరొక సందేహం కలగవచ్చు. తాగే నీటిలో హద్దుమీరిన ఫ్లోరైడు ఏళ్ళ తరబడి కడుపులోకి పోవడం వేరు, వైద్యుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు పుచ్చుమీద ఒక చుక్క అద్దడం వేరు. అయినా తమ ఊరి నీటి సంగతి వైద్యునికి ముందే చెప్పడం మంచిది.

ఉక్కు తొడుగు

పుచ్చును మూసివేయాలనే సూత్రాన్ని తుదిదాకా తీసుకొనిపోయినది స్కాట్లండులోని ఒక సామాన్య దంతవైద్యురాలు నార్నా హాల్. పాలదవడ పళ్ళకు ఉక్కు తొడుగులు తొడగడం 1950 నుండే ఉంది. అయితే ముందుగా సూది వేసి, పుచ్చును తొలిచి, పంటిని చుట్టూ అరగదీయవలసి వచ్చేది. హాల్ 1980 దశకంలో ఈ మూడు పనులనూ మానివేసింది. తొడుగులో సిమెంటు నింపి పంటిమీద పెట్టి, పిల్లవాణ్ణి గట్టిగా కొరకమనేది. పుచ్చు లోపలే మూతపడుతుంది. పళ్ళమధ్య చోటు చాలకపోతే కొద్దిరోజుల ముందు చిన్న రబ్బరు వలయం పెడితే సందు ఏర్పడుతుంది. కొరుకు మొదట్లో కొంచెం ఎత్తుగా అనిపించినా కొన్ని వారాల్లో సర్దుకొంటుంది.

ఆమె 259 మంది పిల్లలకు తొడిగిన 978 తొడుగుల వివరాలు 2006లో వెలువడినప్పుడు దంతవైద్యలోకం ఉలికిపడింది. పుచ్చును తీయకుండా మూయడం వారు నేర్చిన చదువుకు విరుద్ధం. డండీ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలా ఇన్నెస్, డాఫిడ్ ఎవాన్స్ దీన్ని 132 మంది పిల్లలలో పరీక్షించారు. ప్రతి పిల్లవానికీ ఒక పంటికి మామూలు వైద్యం, మరొక పంటికి హాల్ పద్ధతి చేయించారు. 2007 నాటి నివేదికలో తమ ఇష్టం చెప్పిన పిల్లలలో 77 శాతంమంది హాల్ పద్ధతినే కోరుకొన్నారు. అయిదేళ్ళ ఫలితాలు 2011లో వచ్చాయి. గుజ్జు చెడడం, చీము పట్టడం వంటి పెద్ద వైఫల్యాలు మామూలు వైద్యంలో 16.5 శాతం, హాల్ పద్ధతిలో 3 శాతం. బాధ తక్కువైన పద్ధతే ఎక్కువకాలం నిలిచింది.

హద్దులు

ఇంతమాత్రాన చిక్కులన్నీ తీరినట్లు కాదు. బ్రిటన్‌లో 1,144 మంది పిల్లలతో జరిపిన పెద్ద పరిశీలన 2020లో వెలువడింది. కొందరికి తొలిచి పూడ్చారు. కొందరికి తొలవకుండా మూశారు. మిగిలినవారికి బ్రష్షు, ఆహారనియమం, ఫ్లోరైడు పూతవంటి నివారణ మాత్రమే చేశారు. తరువాతి కాలంలో నొప్పిగాని చీముగాని వచ్చినవారు మొదటి వర్గంలో 42, రెండవ దానిలో 40, మూడవ దానిలో 45 శాతం. ఈ తేడాలు లెక్కలోకి వచ్చేంతటివి కావు. పన్ను ఒకసారి బాగా పుచ్చిన తరువాత ఏ పద్ధతీ మంత్రదండం కాదన్నమాట. అయితే ఫలితాలు సమానమైనప్పుడు సూది, బరమా తక్కువగా వాడే మార్గానికి ముందు చోటు ఇవ్వడం న్యాయం.

రాత్రి నిద్ర పట్టనీయని నొప్పి, చిగురుమీద చీముపొక్కు, దవడ వాపు ఉంటే గుజ్జు చెడిందని అర్థం. అప్పుడు మూతలు, పూతలు పనికిరావు. సూది మందుతోనే తగిన చికిత్స జరగాలి. కావున మెత్తని వైద్యం త్వరగా వచ్చిన పిల్లవానికే దక్కుతుంది. మొదటి పుట్టినరోజు నాటికే ఒకసారి బిడ్డ పళ్ళు చూపించాలని, నొప్పి లేనప్పుడే వైద్యునితో పరిచయం కలిగించాలని దంతవైద్య సంఘాలు చెప్పడంలో ఆంతర్యమిదే.

ఇంటి పెద్దల చేతిలోనూ కొంత ఉంది. అల్లరి చేస్తే సూది వేయిస్తామని బెదిరించిన నోటితోనే, ఆసుపత్రి కుర్చీ దగ్గర ‘ఏమీ కాదు నాన్నా’ అంటే పిల్లవాడు నమ్మడు. పాలపళ్ళు ఎటూ ఊడిపోయేవే కదా అనే ఉపేక్షకూడా తగదు. వెనుకటి పాలపళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండి, నమలడానికి పనికివస్తూ, రాబోయే పళ్ళకు చోటు కాపాడతాయి. రెండుపూటలా పళ్ళు తోమించడం, తిండికీ తిండికీ మధ్య మిఠాయిలు తగ్గించడం, గోధుమరంగు మచ్చ కనబడగానే చూపించడం – ఈ మూడు పనులతో చాలామంది పిల్లలకు బరమా కూత వినవలసిన అవసరమే రాకపోవచ్చు.

పిల్లవాని భయాన్ని పిరికితనంగా భావించి మందలించినంతకాలం అది తగ్గలేదు. ఆ భయానికి కారణమైన చికిత్సను శాస్త్రం తిరిగి పరీక్షించిన తరువాతనే, దానిలో ఎంత భాగం అనవసరమో తెలిసింది. నోరు బిగించిన పసివాడు అడగలేకపోయిన ప్రశ్నను ఎట్టకేలకు శాస్త్రమే అడిగింది.